ఆరు గంటల పగలు

బల్లార్షా స్టేషన్ రోడ్డు మీద, ధోటే దుకాణంల
ఒక్క గోడకు పదకొండు లైట్లు వెలుగుతున్నయి.
"కితీ వాట్ పాహిజే, భావూ?"
ఎంత వెలుగు కావాలె?
ఇరవై ఆరేండ్ల సంది నెత్తికి దీపం కట్టుకొని
భూమిలకు దిగేటోణ్ని,
ఎన్నడూ ఎవడూ నన్ను ఈ మాట అడగలె.
లాంపురూంల నంబరు రాసుకొని ఇస్తరు.
ఇచ్చిందే వెలుగు.

రెండడుగుల తొట్టి, అడుగు లోతు.
అడుగున వార్ధా ఇసుక. రెండుసార్లు నేను కడిగిన,
మూడోసారి పోసక్క కడిగింది,
నీ కడుగుడు నాకు తెల్వదా అనుకుంట.
వెనక పొడుగాటి నీటిగడ్డి,
నడుమ వెడల్పాకు మొక్క ఒకటి,
ముందట ఇంకా వేరు పట్టని చిన్న కుచ్చులు.
చేపలు ఆరు. అవి మొక్కల ఇంటికొచ్చిన చుట్టాలే.

మొదలు గులాబిరంగుది చూపిచ్చిండు.
చేపలు మిఠాయి దుకాణం లెక్క మెరిసినయి,
ఆకులేమో జబ్బు మనిషి గోర్ల తీరు.
వద్దన్న.
ఇగ తెల్లది. ఆరువేల ఐదువందల కెల్విన్ అన్నడు,
అచ్చం మిట్టమధ్యాహ్నం అన్నడు.
మే నెలల చంద్రపూర్ జిల్లాల బతికేటోనికి
మధ్యాహ్నాన్ని పైసలిచ్చి కొనుమంటున్నడు!
అయినా కొన్న. ముప్పయ్యారు వాట్లు.
ఎక్కువైతే ఏం పాయె అనుకున్న.

పది రోజులకు అద్దానికి పచ్చటి తుప్పు.
ఇంకో వారానికి ఆకుల అంచులకు గడ్డాలు.
పోసక్క గీకింది, నేను గీకిన,
పాత ఏటీఎం కార్డు అరిగిపోయింది.
నీళ్లు సల్లారిన చాయ లెక్క.
చేపలు గడ్డి వెనకకు జొచ్చి
బువ్వకు గూడ రాలె.

ఆ రాత్రి యాదికొచ్చింది, ఓదెలు మామ కొట్టిన దెబ్బ.
కొత్తగ దిగిన దినాలు. ఎవరన్న పిలిస్తే
తల తిప్పి సక్కగ మొఖంలకే చూసేటోణ్ని.
నేను చూస్తే నా దీపం గూడ చూస్తది గద.
టోపీ మీద ఫట్టున ఒక్కటిచ్చి అన్నడు:
"మొఖం మీద కొట్టకు బిడ్డా, కాళ్లకాడ ఎయ్యి.
మనిషి వాడే కనపడతడు."

లైటు వాపస్ ఇచ్చిన. ధోటే సగం పైసలే లెక్కగట్టిండు,
తల గోక్కుంట.
పద్దెనిమిది వాట్లది తెచ్చి
సన్న గొలుసులు కట్టి, నీళ్లకు జానెడు పైన వేలాడదీసిన.
గిరగిర తిరిగే టైమరు, నూటఎనభై రూపాయలు.

మరి పగలు ఎప్పుడు పెట్టాలె?
మొక్కకు గడియారం తెల్వదు భావూ,
రోజుకు ఆరు గంటలు, తప్పకుండ, ఏ పూటైనా సరే.
ఈ ఒక్క మాటకు ధోటే సగం పైసలు మాఫ్.
పొద్దు పొడవకముందు నేను దిగుత, మూడింటికి పైకొస్త.
తానం, బువ్వ.
నాలుగు గొట్టంగ మా ఇంట్ల తొట్టికి తెల్లారుతది.
నా షిఫ్టు మారినా దాని పగలు మార్చ,
అప్పుడు పోసక్క చూసి చెప్తది.
కరెంటు పోతే మబ్బు పట్టిందనుకోవాలె.

నిన్న కింద, పాత గ్యాలరీ కప్పుకు
ఒక ఆకు అచ్చు కనపడ్డది, నాలుక తీరు.
ఎన్నిసార్లు నడిచిన దారో అది.
దీపం సక్కగ కొడితే ఉత్త నల్లరాయి.
తల పక్కకు వంచిన.
ఈనెలన్నీ లేచి నిలబడ్డయి.
దానికి ఎవరు, ఎన్ని గంటలు వెలిగించిండ్రో
ఎవర్ని అడగాలె?
సర్దార్ కూతేసిండు, నడిచిన.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది.
పోసక్క సంచి గూడ దించకుండ
తొట్టి ముందట గొంతుకూసున్నది.
వెడల్పాకు అంచున
ఆవగింజంత బుడగ ఒకటి, వదిలీ వదలక.
"సప్పుడు చెయ్యకు," అన్నది,
"ఊపిరి తీస్తున్నది."